బాగుంది, పంపించు

గుడివాడ,
12-6-1999.

అక్కయ్యా,

ఆ సాయంత్రం బందరు బస్సులో నీకు సీటు దొరికిందో లేదో రాయనేలేదు. ఈ పని మొదలుపెట్టిన రోజు నువ్వు వచ్చి దీపం వెలిగించి వెళ్లిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు. ముందుగదిలో పొయ్యిలు, వెనక వరండాలో అట్టపెట్టెలు, మధ్యలో నేను. ధనమ్మ పప్పులూ పొడులూ వేయిస్తుంది. ఇంకో ఇద్దరు పొట్లాలు కట్టి పెట్టెల్లో సర్దుతారు. మీ మరిది స్కూటరు మీద కిరాణా కొట్ల చుట్టూ తిరుగుతున్నారు. కొట్లవాళ్లు వీటిని కిట్లు అంటున్నారు. పెడనలో ఒకాయన పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, "పప్పుచారు కూడా పెట్టెలో అమ్ముతారా అండీ, ఆ నీళ్లు కూడా మీరే పోసి పంపండి" అన్నాడట.

అయినా కొనేవాళ్లు కొంటున్నారు. ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్లు, గదులు తీసుకుని ఒంటరిగా ఉండే టీచర్లు. పెట్టె విప్పితే పప్పు, ఎండబెట్టిన కూరముక్కలు, చింతపండు గుజ్జు, పొడి, పోపు సామాను అన్నీ వేరువేరు పొట్లాల్లో ఉంటాయి. పొయ్యి వెలిగించడమే వాళ్ల పని.

బావగారి మాట ఒకటి మాత్రం నాకు గుచ్చుకునే ఉంది. ఆ రోజు కొట్లవాళ్లందరి ముందూ, "మా ఇంట్లో అట్టపెట్టెలోంచి వచ్చిన వంట తినమండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారనుకో. అందరూ నవ్వారు. నువ్వు మాత్రం తల దించుకుని కూర్చున్నావు. వేసవిలో వచ్చిన ఆ జ్వరం తర్వాత నువ్వు చిక్కిపోయావు కూడా.

నాలుగు పెట్టెలు పంపుతున్నాను. రెండు పప్పుచారు, రెండు పులిహోర. బావగారు తినకపోతే పోనీ, నువ్వు వండి చూసి ఏం తక్కువైందో రాయి. పుట్టినప్పటినుంచీ నేను చేసిన ప్రతిదానికీ వంక పెట్టింది నువ్వే. నువ్వు సరేనంటే నేను ఎవరికీ భయపడక్కర్లేదు.

మా ఫోన్ నంబరు వెనక రాశాను.

హైమ


బందరు,
24-6-1999.

హైమా,

బస్సులో చల్లపల్లి ఆవిడ ఒకరు పక్కకి జరిగి చోటిచ్చింది. ఆవిడ బుట్టలో కోడిపిల్లలున్నాయి. దారి పొడుగునా నా చీరకొంగు పీకుతూనే ఉన్నాయి.

ఫోన్ నంబరు చూశాను గానీ, కింద వాటావాళ్లింట్లో నిలబడి వాళ్లంతా వింటుంటే నాకు నోరు పెగలదు. ఉత్తరమే రాయి.

మా అమ్మాయి తన్మయి బెజవాడ హాస్టలుకి వెళ్లిపోయింది. మీ బావగారికి ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. వస్తున్నారు, తింటున్నారు, పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు. ఈడేపల్లిలో కుళాయి నీళ్లు మళ్లీ ఉప్పగా వస్తున్నాయని అందరూ అంటున్నారు.

నీ కిట్లు వండాను. పప్పుచారు బాగుంది. పులిహోర బాగుంది. ఇంకో ఆరు పంపించు. పక్కింటి సత్యవతమ్మగారు కావాలన్నారు. మీ బావగారు ఆఫీసులో ఉండగా వచ్చేటట్టు పంపితే మంచిది.

పెట్టె మీద "తగినంత ఉప్పు" అని ఉంది. అలా కాకుండా ఎన్ని చెంచాలో రాయి.

మరిదిగారిని ఎండలో తిరగొద్దను.

అక్క


గుడివాడ,
6-7-1999.

అక్కయ్యా,

ఆరు పెట్టెలూ పంపాను, అందే ఉంటాయి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అది నువ్వు రాసినట్టు లేదు.

నా పెళ్లిలో బూందీ లడ్డు నోట్లో వేసుకుని, పానకం ముదిరిందని వంటవాడిని పిలిపించినదానివి. మేనత్తగారింట్లో భోజనానికి కూర్చుని, వడ్డించకముందే "పెరుగు పులిసిందత్తయ్యా" అన్నదానివి. నీకు నా పప్పుచారు "బాగుంది", పులిహోర "బాగుంది". ఇంతేనా? మెంతులు ఎక్కువయ్యాయని ఇక్కడ ఇద్దరు అన్నారు. కాదని ఇద్దరన్నారు. నేను రోజంతా ఆ ఘాటులోనే ఉంటాను, నాకేమీ తెలియడం లేదు. నిన్నే నమ్ముకుని అడిగితే అత్తారింటికి వెళ్లిన కొత్తకోడలు రాసినట్టు రాశావు.

బావగారి మాట నీ మనసులో కూడా ఉందేమో. అట్టపెట్టె వంటకి వంక పెట్టడం కూడా దండగ అనుకున్నావేమో. ఉంటే చెప్పెయ్యి.

దివిసీమ వైపు కొట్లు చూడాలని మీ మరిది అవనిగడ్డ, నాగాయలంక వెళ్లొచ్చారు. అవనిగడ్డలో దైవాధీనం గారని పెద్ద కిరాణా కొట్టాయన కాస్త ఆసక్తి చూపించారు. "కొత్త రకం ఏదైనా తెండి, అప్పుడు చూద్దాం" అన్నారు. గుత్తివంకాయ కిట్టు చెయ్యాలని నాకుంది. వంకాయలు వాళ్లు కొనుక్కుంటారు, కారం మనది.

పులిహోరలో ఆవపిండి ఉండాలా, తీసెయ్యాలా? ఈ ఒక్కటన్నా చెప్పు.

హైమ


బందరు,
16-7-1999.

హైమా,

ఇంత చిన్నదానికి అంత ఉడుకుమోత్తనం ఎందుకు? బాగున్నదాన్ని బాగుందన్నాను. ఈ వయసులో అందరికీ వంకలు పెడుతూ కూర్చోవాలా?

ఆవపిండి నీ ఇష్టం.

మొన్న పాలు పొయ్యి మీద పెట్టి వీధి వరండాలో బియ్యం ఏరుకుంటున్నాను. పాలు మాడి, గిన్నె మాడి, వంటిల్లంతా పొగ. కింద వాటా ఆవిడ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. "వాసన రాలేదా పిన్నిగారూ" అంది. బియ్యంలో పడి చూసుకోలేదన్నాను. మీ బావగారు ఆ గిన్నె చూసి ఏమీ అనలేదు. ఈమధ్య ఆయన దేనికీ ఏమీ అనడం లేదు. అదీ బాగాలేదు నాకు.

గుత్తివంకాయ కిట్టు చెయ్యి. పప్పుచారు పెట్టెలు ఇంకో పది పంపించు. పైన గుడ్డసంచి కప్పి పంపు.

అక్క


గుడివాడ,
4-8-1999.

అక్కయ్యకి,

నిన్న ఇక్కడ ఏలూరు రోడ్డులో ఒక పెళ్లిలో మీ పక్కింటి సత్యవతమ్మగారు కనిపించారు. సంతోషంగా దగ్గరికి వెళ్లి, "మా కిట్లు ఎలా ఉన్నాయండీ" అని అడిగాను. "ఏం కిట్లమ్మా?" అన్నారు. మీ ఇంట్లో గానీ వాళ్లింట్లో గానీ అలాంటి పెట్టె ఆవిడ చూడనే లేదట.

ఇప్పుడు నాకు అర్థమైంది. ఎవరూ కొనరని నా మీద జాలిపడి తెప్పించుకుంటున్నావు. తెప్పించి ఏ మంచం కిందో పెడుతున్నావు. రుచి చూసి ఉంటే ఏదో ఒకటి అనేదానివి. నాకు జాలి వద్దక్కయ్యా. నలభై ఏళ్లకి మొదటిసారి నా అంతట నేను ఒక పని మొదలుపెట్టాను. దాన్ని మంచం కింద దాచకు.

కోపంగానే రాస్తున్నాను, అయినా అడగక తప్పడం లేదు. గుత్తివంకాయ కిట్టు తయారైంది. అందులో వేసిన ఎండుకొబ్బరి మీద అనుమానంగా ఉంది. ఈ ముసురుకి చెమ్మ తగిలింది. ముక్కిన వాసన వస్తోందని ధనమ్మ అంటుంది. లేదు, అది వేపుడు వాసనేనని మీ మరిది అంటారు. నాకు జలుబు. దైవాధీనం గారు పెట్టెలు పంపమని కబురు చేశారు. ఆలస్యమైతే ఇంకొకరి సరుకు పెట్టుకుంటారు.

ఒక పెట్టె పంపుతున్నాను. ఇదొక్కటి నిజంగా వండు. నిజంగా తిను. వద్దంటే మొత్తం పారబోసి మళ్లీ చేస్తాను, నాకేం బాధ లేదు. నువ్వు చెప్పేదాకా ఒక్క పెట్టె కూడా గడప దాటదు.

హైమ


(కార్డు)
బందరు,
10-8-1999.

హైమా,

వండాను. బాగుంది, పంపించు.

అక్క


గుడివాడ,
1-9-1999.

కనకమహాలక్ష్మిగారికి,

పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. అవనిగడ్డవీ, నాగాయలంకవీ. వాటితోపాటు గుడివాడ కొట్లవాళ్లు పప్పుచారు కిట్లు కూడా వెనక్కి పంపేశారు.

పెట్టెలు చేరిన వారానికి దైవాధీనం గారింటికి వాళ్ల అమ్మాయిని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారట. కొత్తగా ఉంటుందని మన కిట్టుతోనే గుత్తివంకాయ చేయించారట. మొదటి ముద్దకే పెళ్లికొడుకు తల్లి విస్తరి ముందు నుంచి లేచిందట. "ముక్కిపోయిన కొబ్బరి పెట్టి నా పరువు తీశారు" అని దైవాధీనం గారు మీ మరిదిని కొట్టు ముందు నిలబెట్టి అన్నారు. పెట్టెలు రోడ్డు మీదకి విసిరారు. ఈయన ఒక్కొక్కటీ ఏరుకుని స్కూటరుకి కట్టుకుని వచ్చారు. వచ్చి నేరుగా బావి దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. ఇదంతా నాకు తర్వాత ఆ ఊరి బస్సు కండక్టరు ద్వారా తెలిసింది.

ఒక పెట్టె విప్పాను. నా జలుబు తగ్గింది. విప్పగానే తెలిసిపోయింది. ఎవరికైనా తెలుస్తుంది. నీకు తెలియదా?

తెలిసే పంపించమన్నావు. సత్యవతమ్మగారి సంగతి అడిగినందుకు కోపమా? నేను ఈ పని చెయ్యడం నీకు మొదటినుంచీ ఇష్టం లేదా? వద్దని ఒక్క మాట అంటే పారబోసేదాన్ని. అదే రాశాను కదా నీకు.

ఇక్కడ పొయ్యిలు ఆర్పేశాను. ధనమ్మని ఇంటికి వెళ్లమన్నాను. జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

హైమవతి


బందరు,
8-9-1999.

చెల్లీ,

రాయకపోయినా ఫరవాలేదన్నావు. రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నాకు వాసన తెలియడం లేదు. వేసవి జ్వరం తగ్గాక ఒకరోజు కాఫీ కలుపుతుంటే వేడినీళ్లలా ఉంది. ముక్కు దిబ్బడ అనుకున్నాను. ముక్కు తేలికపడింది గానీ వాసన రాలేదు. మల్లెపూలు లేవు, కర్పూరం లేదు, మురుగుకాలవ కూడా లేదు. నాలిక్కి ఉప్పూ పులుపూ లీలగా తగులుతాయి, అంతే. మీ ఇంట్లో దీపం వెలిగించిన రోజున ధనమ్మ వేయించిన పొడి తెచ్చి నా ముఖం దగ్గర పెట్టి, "చూడండమ్మగారూ" అంది. అందరూ నా వైపే చూస్తున్నారు. అందుకే తల దించుకున్నాను. మీ బావగారి మాట నేను విననే లేదు.

ఎవరికీ చెప్పలేకపోయాను. మన ఇళ్లల్లో నేనంటే ఏమిటి, చెప్పు. చదువా, ఉద్యోగమా? కనకం చెయ్యి పడితే చాలు అనేవాళ్లు. అది పోయిందని చెబితే ఇంకేం మిగులుతుంది అనిపించింది. ఏ గిన్నె దించినా, ఇవాళ పట్టుబడతానేమోనని భయం. అప్పుడు నీ పెట్టెలు వచ్చాయి. అందులో అన్నీ కొలిచి పెట్టి ఉన్నాయి. నేను చెడగొట్టడానికి ఉప్పు తప్ప ఏమీ లేదు. అవి నీ మీద జాలితో తెప్పించుకోలేదు హైమా. ప్రతి పెట్టే వండాను. వాటితోనే ఈ ఇల్లు నడిచింది.

గుత్తివంకాయ కూడా వండాను. ఎర్రగా, నూనె తేలి, చూడ్డానికి ఎంతో బాగుంది. నువ్వు నిజంగా తినమన్నావు, తిన్నాను, మెత్తగా తగిలింది, అంతే. మీ బావగారికి వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక్క మాటన్నా అంటే ఆ మాటే నీకు రాద్దామని. ఆయన మొత్తం తిన్నారు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. ఆయన తిన్నారంటే బాగున్నట్టేనని కార్డు రాశాను. తెలియదు అని రాయడానికి చెయ్యి రాలేదు. నీకు జరిగిన నష్టానికి నేను చెప్పగలిగింది ఇంతే.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నాను.

"ఏమైంది?" అన్నారు.

"నాకు వాసన తెలియదండీ. వేసవి నుంచీ."

ఆయన చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయారు. "మరి ఆ ఉప్పు?" అన్నారు.

"ఏ ఉప్పు?"

"కూరల్లో. ఒకరోజు చేదెక్కేంత, ఒకరోజు అసలు ఉండదు. గుడివాడలో నేను నోరు జారినందుకు కోపం తీర్చుకుంటున్నావనుకున్నాను. ఎప్పటికో ఒకప్పటికి తగ్గుతుందిలే అని తింటున్నాను."

"ఆ వంకాయ కూడా?"

"అది మరీ పెద్ద కోపం అనుకున్నాను" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయనకీ తెలియలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. జ్వరానికి వాసన తెలిసే నరం దెబ్బతిందన్నాడు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మీ బావగారు దారిలో నా సంచీ తనే పట్టుకున్నారు.

పొయ్యిలు ఆర్పెయ్యకు. ధనమ్మని వెనక్కి పిలువు.

కనకం


గుడివాడ,
17-9-1999.

అక్కయ్యా,

నీ ఉత్తరం మీ మరిదికి చదివి వినిపిస్తూ మధ్యలో ఆపేశాను. మిగతాది ఆయనే చదువుకున్నారు.

నిజం రాస్తాను. కోపం పూర్తిగా పోలేదు. తెలియదని ఒక్క ముక్క రాసి ఉంటే అనిపిస్తూనే ఉంది. కానీ వెంటనే, నేను నీకు ఏమేం రాశానో గుర్తొస్తోంది. అత్తారింటికి వెళ్లిన కొత్తకోడలు అన్నాను. గారు అని రాశాను. నువ్వు చిక్కిపోయావని నా కళ్లతో చూసి కూడా, ఎందుకని అడగలేదు. నా పెట్టెల గురించే అడిగాను.

ధనమ్మ వచ్చింది. ఇద్దరం ఆ కొబ్బరంతా గోతిలో పోసి పూడ్చాం. మీ మరిది అవనిగడ్డ వెళ్లి దైవాధీనం గారికి క్షమాపణ చెప్పి వచ్చారు. ఆయన తూకాలు వేసుకుంటూనే విన్నారట. చివరికి, "నా కొట్టు ముందు, జనం చూస్తుండగా పెట్టె విప్పి వండి పెట్టండి. వాళ్లు తింటే అప్పుడు చూద్దాం" అన్నారట.

ఇంకో సంగతి. పప్పుచారు కొన్నవాళ్లలో చాలామంది పోపు మాడ్చుకుంటున్నారు. "కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి" అని పెట్టె మీద రాశాను. కమ్మటి వాసన ఎప్పుడొస్తుందో వంట తెలిసినవాళ్లకి తెలుస్తుంది. వాళ్లు నా పెట్టె కొనరు కదా. నువ్వు ఇన్నాళ్లూ వాసన లేకుండా వండావు, పోపు మాడినట్టు బావగారు అనలేదు. ఎలా చేశావు? రాసి పంపు. పెట్టె మీద అదే వేయిస్తాను.

అవనిగడ్డలో నువ్వే వండాలి. జాలితో పిలుస్తున్నాననుకోకు, జాలిపడే తీరిక నాకు లేదు. నేను నిలబడి వండితే ఆ కొబ్బరే గుర్తొచ్చి పోపు మాడుస్తాను.

హైమ


బందరు,
28-9-1999.

హైమా,

ఇలా రాయించు.

నూనె వేడెక్కాక ఒక ఆవగింజ వెయ్యండి. చిటపటలాడితే మిగతావి వెయ్యండి. చప్పుడు తగ్గేటప్పుడు మినప్పప్పు. పప్పు గోధుమరంగుకి తిరగగానే మిరపకాయలు, ఇంగువ. మిరపకాయ ముదురు ఎరుపులో ఉండగానే దించండి, నల్లబడేదాకా చూడకండి. ఉప్పు చెంచాన్నర, కొండలా కాదు, చెంచా అంచుకి గీసినట్టుగా.

ఇది రాయడానికి నాలుగుసార్లు పోపు పెట్టాను. మీ బావగారు పక్కన నిలబడి కాగితం మీద రాశారు. "గోధుమరంగు అంటే ఏ గోధుమ" అని వాదించారు కూడా.

అవనిగడ్డ వస్తాను. భయంగా ఉంది. అయినా వస్తాను.

అక్క


బందరు,
8-11-1999.

హైమా,

సరిగ్గా బయల్దేరే ముందు కాలు బెణికి నువ్వు మంచమెక్కావని మరిదిగారు చెప్పారు. కాపడం పెట్టుకో, లేచి తిరగకు. నువ్వు రాలేదు కాబట్టి ఏదీ వదలకుండా రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మీ బావగారు కిరసనాయిలు పొయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పులిగడ్డ దాటుతుంటే, దిగిపోదామా అన్నాను. "దిగితే పొయ్యి నువ్వు మోస్తావా" అన్నారు.

మరిదిగారు ముందే వచ్చి కొట్టు ముందు బల్ల వేయించారు. దైవాధీనం గారు నమస్కారానికి తల ఊపి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయారు. కూరగాయలకి వచ్చినవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ చేరారు. పప్పుచారు పెట్టె విప్పి పొట్లాలు వరసగా పెట్టి, ఒక్కొక్కటీ ఏమిటో చెబుతూ పప్పు ఉడికించాను. అందాకా బాగానే ఉంది. పోపు వేశాను. చప్పుడు విన్నాను, రంగు చూశాను, దించి పులుసులో కలిపాను.

ముందు వరసలో కృపావరం అని ఒక నర్సమ్మ ఉంది. ఊళ్లు తిరిగే ఉద్యోగం, ఒక్కతే ఉంటుందట. "అమ్మా, ఆ మధ్య వచ్చిన పెట్టె ముక్కిందన్నారుగా. దీని వాసన ఎట్టా ఉందో మీరే చెప్పండి" అంది.

బాగుంది అనెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది ఆ మాట. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"నాకు వాసన తెలియదమ్మా. జ్వరం వచ్చి పోయింది. ఆ ముక్కిన పెట్టె కూడా తెలియకే బాగుందన్నాను. ఇది ఎలా ఉందో మీరే చూసి చెప్పాలి" అన్నాను.

దైవాధీనం గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచారు. "వాసన తెలియనావిడ చేత వండిస్తున్నారా?" అని మరిదిగారిని అడిగారు. మీ బావగారు ఏదో అనబోతుంటే నేను వద్దని చెయ్యి చూపించాను.

అప్పుడు కృపావరం చెప్పులు పక్కన పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. గిన్నె మీదకి వంగి, కళ్లు మూసుకుని పీల్చింది. "ముక్కిన వాసనేం లేదు. ఇంగువ ముందొస్తంది. ఎనకమాల చింతపండు" అంది. ఇంకొకావిడ వంగి, "ఇంగువ కాదే, మెంతులు" అంది. "మెంతులు కొంచెం మాడినట్టున్నయ్" అని వెనక నుంచి ఒకావిడ. "మాడలా, బాగా ఏగినయ్" అని ఇంకొకరు. ఒక ముసలావిడ చీపురుకట్ట చంకలో పెట్టుకునే వచ్చి, గిన్నెలో తల పెట్టినంత పని చేసి, "కరేపాకు ఎండుదేసినారు. పచ్చిదైతే ఈ వాసన రాదు" అంది. అదే నిజం. ఎండుదే కదా మనం పెట్టేది. దైవాధీనం గారు కూడా వచ్చారు. పీల్చి, "అన్నం తెండ్రా లోపల్నుంచి" అన్నారు.

తిన్నారు. మీ బావగారు కూడా అక్కడే నిలబడి, ఆకు పట్టుకుని, అందరితోపాటు తిన్నారు. పెట్టెలు బల్ల మీద నుంచి కొట్టులోకి దైవాధీనం గారే తీసుకెళ్లారు. ఎన్ని ఉంచుకున్నారో మరిదిగారిని అడుగు, నేను చూడలేదు.

చూడకపోవడానికి కారణం ఏమిటంటే, వాళ్లు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మెంతులని ఒకరు, మిరపకాయ ఘాటు గొంతులో తగిలిందని ఒకరు, తడిసిన మట్టికుండ మీద పులుసు పొంగినప్పుడు ఇలాగే వస్తుందని ఒకరు. నాకు చెప్పాలని నా చెయ్యి పట్టుకుని మరీ చెబుతున్నారు. గరిటె కింద పెట్టి ఒక్కొక్కరి మాటా విన్నాను. ముక్కు బాగున్న రోజుల్లో నేను ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోంచే తీర్పు చెప్పేసేదాన్ని. ఒక పోపులో ఇంతమందికి ఇన్ని వాసనలు ఉంటాయని నాకు తెలియదు హైమా, ఎవరినీ అడగలేదు.

కనకం